వెంకటేశ్వరమ్మగారి చారల రొయ్యలు

చీరాలలో మా వీధి మొదట్లో నిలబడి “రొయ్యలమ్మగారి ఇల్లెక్కడండీ?” అని అడిగితే ఎవరైనా చూపిస్తారు. అడిగినవాళ్లే ఆ ఇంటి ముందుకొచ్చి తడబడతారు. వలలుండవు, చేపల వాసనుండదు. వసారాలో చీరల మూటలు, పెరట్లో రంగు కాగులు, గోడకి ఆనించిన పాత మగ్గం చెక్కలు. ఆ ఇంట్లో రొయ్యల కూర వండగా నేనెప్పుడూ చూడలేదు. వెంకటేశ్వరమ్మగారు గుడ్డు కూడా ముట్టరు.

ఆవిడ ఇంటికి ఎదురుగా నేను నెట్ సెంటర్ నడిపేదాన్ని. నాలుగు కంప్యూటర్లు, ఒక జిరాక్సు మిషను. మా పుట్టింటివాళ్లూ నేతపనివాళ్లే కాబట్టి ఆవిడ నన్ను తొందరగానే దగ్గరికి తీసుకుంది. నేను పిన్నిగారూ అనేదాన్ని, ఆవిడ శిల్పా అనేది, కోపమొస్తే ఏమే అనేది. నేను చెప్పబోయేదాంట్లో చాలా భాగం నా కళ్లముందు జరిగింది. మొదటి సంగతులు మాత్రం ఆవిడ చెప్పగా విన్నవే.

ఆవిడ భర్త భావనారాయణగారు మంచి పనిమంతుడని పేరు. పమిట కొంగు మీద ఆయన వేసిన నమూనాలు బెజవాడ షాపులవాళ్లు అడిగి మరీ తీసుకునేవారట. 1999లో ఒక పొద్దున మగ్గం గుంటలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. కొన్నాళ్లకి కాలు కొంచెం తిరిగింది గానీ మాట రెండు మూడు ముక్కల దగ్గరే ఆగిపోయింది. అప్పటిదాకా నూలుకి రంగులద్దే పని మాత్రమే చూసిన వెంకటేశ్వరమ్మగారు, నేతగాళ్లకి పడుగు ఇవ్వడం, చీరలు తెచ్చుకోవడం, అమ్మడం, అన్నీ తనే ఎత్తుకుంది. పిల్లలు లేరు. సాయానికి తమ్ముడు దుర్గాప్రసాద్ ఉన్నాడు, చీరల మూటలు తీసుకుని నెలకోసారి చెన్నై వెళ్లొస్తుంటాడు.

పని ఆవిడకి కష్టమనిపించలేదట. ఆయన ముఖం చూడటమే కష్టమయిందట. పొద్దున కుర్చీలో కూర్చోబెడితే సాయంత్రం దాకా గోడ వైపు చూస్తూ ఉండేవాడు. టీవీ పెడితే తల తిప్పేసుకునేవాడు.

గుంటూరులో ఆయనకి చేతి వ్యాయామాలు చేయించే ఆసుపత్రి ఒకటుండేది. అక్కడ జనం కూర్చునే హాల్లో అద్దాల తొట్టి, అందులో సముద్రపు చేపలు. ఒకరోజు వరసలో కూర్చోబెట్టి చీటీ కోసం వెళ్లొచ్చేసరికి ఆయన ఎడమ చేత్తో చక్రాల కుర్చీని నెట్టుకుంటూ తొట్టి దగ్గరికి చేరాడు. నారింజ రంగు మీద తెల్లపట్టీలున్న చేప ఒకటి అటూ ఇటూ తిరుగుతుంటే ఆయన వేలు అద్దం మీద దాని వెంటే తిరుగుతోంది. లోపల్నుంచి ఆయన పేరు పిలిచినా కదల్లేదు.

“ఆ పూట నాకు ఏడుపొచ్చింది శిల్పా. డాక్టరుగారి మందుకి కదలని మనిషి చేపకి కదిలాడు” అనేది.

ఇంట్లోనూ అలాంటి తొట్టి పెట్టాలనుకుందావిడ. చెన్నైలో రంగుచేపలమ్మే కొట్లవాళ్లు దుర్గాప్రసాద్‌కి గట్టిగానే చెప్పారు. మంచినీళ్ల చేపలు తీసుకెళ్లు, సముద్రపు తొట్టి ఇళ్లలో నిలవదు, అందులో చిన్నదయితే అసలు నిలవదు అని. నిజమే, మొదటిసారి పెట్టిన చేపలు వారం తిరక్కుండానే పోయాయి. రెండోసారీ పోయాయి. అప్పుడావిడ కూర్చుని ఆలోచించింది. రంగు కాగులో నీళ్లు ఇగిరిపోతే రంగు ముదురుతుంది గదా, తొట్టిలో నీళ్లు ఇగిరితే ఉప్పు ముదురుతుంది. అద్దం మీద నీటి మట్టానికి ఎర్రదారం అంటించి, రోజూ పొద్దున్నే ఆ దారం దాకా మంచినీళ్లు పోయడం మొదలుపెట్టింది. వాడరేవు నుంచి ఆటోలో క్యాన్లతో సముద్రపు నీళ్లు తెప్పించి, గుడ్డలో వడకట్టి, నాలుగు రోజులు తేరనిచ్చి వాడేది. రోహిణీ కార్తె ఎండల్లో తొట్టి చుట్టూ తడిపిన గోనెలు కట్టి ఫ్యాను తిప్పేది. కరెంటు పోతే గాలి పంపు ఆగకుండా పాత కారు బ్యాటరీ ఒకటి పెట్టించింది. నేను ఆ వీధికి వచ్చేనాటికి ఆ తొట్టి బతికి కళకళలాడుతోంది.

పెద్దదేం కాదు. మూడు చీరలు పక్కపక్కన మడతపెట్టి పరిస్తే ఎంతుంటుందో అంత. లోపల చెన్నై నుంచి తెచ్చిన రాళ్లు, పట్టీల చేపలు రెండు, ఖాళీ నత్తగుల్లలో తలదాచుకునే సన్యాసి పీత ఒకటి. రాళ్ల మీద ఆకుపచ్చని గుండీ పూలు. అవి మొక్కలు కావు, పగడాల వరసకి చెందిన ప్రాణులు. చొక్కా గుండీలంత గుండ్రంగా, అంచున సన్నటి వెంట్రుకలతో, పొద్దున లైటు వెయ్యగానే ఒక్కొక్కటీ విచ్చుకునేవి. భావనారాయణగారి రోజు అక్కడ మొదలయ్యేది. చివరి గుండీ విచ్చుకునేదాకా ఆయన కాఫీ తాగడు.

సునామీ వచ్చిన మరుసటి ఏడు దుర్గాప్రసాద్ ఇంకో రాయి తెచ్చాడు. దాని సందులో చిన్న పువ్వు ఒకటుంది. గాజుతో చేసినట్టు అవతలి రాయి కనపడేంత పల్చగా, లేత గోధుమ రంగులో, చుట్టూ మీసాల్లాంటి తీగలు. ముట్టుకోబోతే చటుక్కున సందులోకి ముడుచుకుపోతుంది.

“చూశావా, ఊరికే వచ్చింది!” అని వెంకటేశ్వరమ్మగారు మురిసిపోయింది. భావనారాయణగారు దాన్ని చూస్తూ నవ్వాడు.

దసరాకి అవి అయిదారయ్యాయి. కార్తీకం వచ్చేసరికి లెక్క పోయింది. రాళ్ల సందుల్లో, అద్దం మూలల్లో, గాలి పైపు మీద, ఎక్కడ చూసినా ఆ గాజు పూలే. వాటి మీసాలు తగిలినచోటల్లా గుండీ పూలు ముడుచుకుపోయేవి. ముడుచుకున్నవి మర్నాడు విచ్చుకునేవి కావు. కొన్నాళ్లకి రంగు పోయి, మెత్తబడి రాలిపోయేవి. ఆ మీసాలకి విషముందని, చుట్టుపక్కల దేన్నయినా కుట్టి చంపి చోటు చేసుకుంటాయని తరువాత తెలిసింది. భావనారాయణగారి కాఫీ మళ్లీ చల్లారిపోవడం మొదలయింది. విచ్చుకోని గుండీల వైపు వేలు చూపించి ఆవిడ ముఖంలోకి చూసేవాడు.

ఆవిడ ముందు బ్లేడుతో గీకింది. ఒకటి గీకినచోట వారంలో నాలుగు లేచాయి. రాయికి అంటుకున్న ముక్క ప్రతిదీ మళ్లీ పువ్వయిపోతోంది. తరువాత సలసల కాగిన నీళ్లు సూదిలో ఎక్కించి పొడిచింది. ఆ తరువాత సున్నం. పిడుగురాళ్ల బట్టీ సున్నం తెప్పించి, గుడ్డలో జల్లించి, పల్చగా కలిపి, సిరంజితో ఒక్కో పువ్వు నోట్లోకి వదిలింది. అది పనిచేసింది. సున్నం పడ్డ పువ్వు ముడుచుకుని కరిగిపోయింది. ఆ ఉత్సాహంలో ఆవిడ ఒకే పూట చేతికందినవన్నిటికీ పెట్టేసింది. మధ్యాహ్నానికి నీళ్లు పాలలా అయిపోయాయి. పట్టీల చేపల్లో ఒకటి పైకి తేలింది.

నేను వెళ్లేసరికి ఆవిడ చీర కుచ్చెళ్లు తడిసిపోయి, బకెట్లతో నీళ్లు మారుస్తోంది. భావనారాయణగారు చచ్చిపోయిన చేపని ఎడమ అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు.

“నేనే చంపాను శిల్పా” అంది. “తొందరపడ్డాను.”

నేను ఒక బకెట్టు అందుకున్నాను.

పది రోజులకి సందుల్లో మిగిలినవాటి నుంచి మళ్లీ గాజు పూలు లేచాయి.

యలమందయ్యగారు వచ్చింది అప్పుడే. ఇంకొల్లు పక్క పల్లెటూరి రైతు, పత్తి, మిర్చి వేస్తాడు. వాళ్లింట్లో ఏ శుభకార్యమైనా చీరలు వెంకటేశ్వరమ్మగారి దగ్గరే కొంటారు. ఆ రోజు ఆడవాళ్లు చీరలు చూస్తుంటే ఆయన తోచక తొట్టి దగ్గరికొచ్చి నిలబడ్డాడు. గొంతు పెద్దది. నా సెంటర్లోకి కూడా వినపడింది.

“ఇదేంది చెల్లెమ్మా, నీళ్లలో వయ్యారిభామ మొలిచింది?”

వయ్యారిభామ అంటే చేల గట్ల మీద, రోడ్ల పక్కన తెల్లపూలతో విరగబడి పెరిగే కలుపు మొక్క. పీకినకొద్దీ వస్తుంది. ఆ పేరు వినగానే భావనారాయణగారు పకపకా నవ్వాడు. ఆ నవ్వు విని వెంకటేశ్వరమ్మగారు చీరలు వదిలేసి ఇటొచ్చింది. జరిగిందంతా ఆయనకి చెప్పింది, బ్లేడు, వేణ్ణీళ్లు, సున్నం, చేప పోవడం.

ఆయన వంగి తొట్టిలోకి చూశాడు. తరువాత అన్నాడు: “తొంభయ్యేడులో మా పత్తికీ ఇదే జరిగింది. పచ్చపురుగు పడింది. ఒక మందు కొట్టాం, చావలా. రెండు మందులు కలిపి కొట్టాం, చావలా. మా ఊళ్లో మందు కొట్టీ కొట్టీ మనుషులు పడిపోయారు గానీ పురుగు పడలా. తరువాత వ్యవసాయశాఖవాళ్లు చేలోనే పొలంబడి పెట్టి చూపించారు, మేం చంపింది పురుగుని కాదు, పురుగుని తినేవాటిని అని.” మళ్లీ తొట్టి వైపు తిరిగాడు. “సముద్రం నిండా ఇవే లేవు గదా. అంటే అక్కడ దీన్ని తినేదేదో ఉండుండాలి. అదేందో నాకు తెలవదు. కనుక్కో.”

పోతూ పోతూ, తీరిక చేసుకుని మా చేను చూడటానికి రమ్మని పిలిచాడు. ఆవిడ నిజంగానే వెళ్లింది. నన్నూ తీసుకెళ్లింది.

అది పత్తి కాయ పట్టే కాలం. నల్లరేగడి నేల చెప్పులకి అంటుకుంటోంది. యలమందయ్యగారు ఒక ఆకు తిప్పి చూపించాడు. ఆకు అడుగున పేనుబంక జిగురుజిగురుగా అంటుకుని ఉంది. దాని మధ్య నల్లటి పురుగొకటి, గోరంత మొసలిపిల్లలా ఉంది, ఒక్కో పేనునీ పట్టుకుని నములుతోంది.

“ఇది అక్షింతల పురుగు పిల్ల. పెద్దయితే ఎర్రగా, చుక్కలు చుక్కలుగా ఉంటది, నీకు తెలుసు. దీన్ని చూసి పురుగే గదా అని మందు కొట్టేవాళ్లం.”

“ఎన్నాళ్లకి తినేస్తుందన్నయ్యగారూ?”

“అదే చెప్తన్నా. మొదట్లో ఏమీ కనపడదు. మనకి భయమేస్తది, చెయ్యి మందు డబ్బా మీదికి పోతది. ఆపుకోవాలి. మందు కొట్టిన చేలో ఇది బతకదమ్మా.”

చీరాల స్టాండులో దిగగానే “నీ కంప్యూటరు తియ్యవే” అంది.

ఆ రోజుల్లో ఒక బొమ్మ తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. నేను ఇంగ్లీషు చదివి చెప్తుంటే ఆవిడ పక్క కుర్చీలో కూర్చుని వినేది. వేరే దేశాల్లో చిన్న తొట్టెలు పెట్టుకున్నవాళ్లు చాలామంది ఇదే కలుపుతో ఏడుస్తున్నారు. దీన్ని తినేవాటిలో పొడుగు ముక్కు చేప ఒకటుంది. “దానికి మన తొట్టి చాలదు. ఇవి అయిపోయాక గుండీ పూలు తినదని నమ్మకమేంటి?” అని ఆవిడ పక్కన పెట్టేసింది. ఇవి తప్ప ఇంకేదీ తినని సముద్రపు నత్త ఒకటుంది, పెంకు లేనిది. అది మన దేశంలో దొరికే దారి కనపడలేదు. మూడోది రొయ్య. చూపుడు వేలిలో సగం ఉంటుంది, ఒళ్లంతా అద్దంలా ఉండి దాని మీద ఎర్రటి సన్న చారలు. ఆ బొమ్మ ప్రింటు తీసిచ్చాను.

దుర్గాప్రసాద్ ఆ కాగితం పట్టుకుని చెన్నై వెళ్లి, నాలుగు రొయ్యలు ఆక్సిజన్ సంచీలో తెచ్చాడు. ఎర్రగా, చారలతో చాలా అందంగా ఉన్నాయి. వెంటనే తొట్టిలో వదిలారు. గాజు పూల వైపు కన్నెత్తి చూడలేదు. మూడోనాటికి మిగిలిన గుండీ పూల మీదెక్కి వాటిని గిల్లుకు తినడం మొదలుపెట్టాయి.

భావనారాయణగారు అద్దం మీద చరిచి చరిచి ఆవిణ్ణి పిలిచాడు.

మళ్లీ నా సెంటరుకి పరిగెత్తుకొచ్చింది. ఈసారి వరసగా బొమ్మలన్నీ చూశాం. చూడగా చూడగా తేడా ఆవిడకే దొరికింది. “ఇదిగో శిల్పా, మనవాటికి వీపు మీద గూని ఉంది, కళ్లు పెద్దవి, చారల మధ్య తెల్లగీతలున్నాయి. దీనికి అవేం లేవు. రెండూ ఒక రంగు కాగులోంచి తీసినట్టుంటే వాడు మాత్రం ఏం చేస్తాడు?” అంది. కొట్టువాణ్ణి ఒక్క మాట అనలేదు. ఖాళీ సీసా పక్కకి పడుకోబెట్టి, లోపల చిన్న తిండి ముక్క పెట్టి, గూని రొయ్యల్ని ఒక్కొక్కటిగా బయటికి లాగింది. మళ్లీ చెన్నైకే పంపేసింది.

తరువాత ఆవిడ వాడరేవు వెళ్లి బుల్లయ్యని పట్టుకుంది. తొట్టికి నీళ్లు పట్టిచ్చేది అతనే, వేటకి వెళ్తాడు. అతను కాగితం తిప్పి తిప్పి చూసి నవ్వాడు.

“అమ్మగారూ, ఇది కూరకి పనికిరాదు, మేం చూసినా వదిలేస్తాం. ఇక్కడ ఇసక గదా, ఇది ఇసకలో ఉండదు. నిజాంపట్నం రేవులో స్తంభాలకి ఆల్చిప్పలు గుత్తులు గుత్తులుగా పడతాయి. వాటి సందుల్లో ఇట్టాంటియ్యి చూశా. మా బావమరిది అక్కడే, అడుగుతా.”

సంక్రాంతి వెళ్లాక తెచ్చాడు, మూతకి చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ డబ్బాలో. గూని లేదు, తెల్లగీతల్లేవు. అయినా ఈసారి ఆవిడ తొట్టిలో వదల్లేదు. హార్లిక్స్ సీసాలో తొట్టి నీళ్లు పోసి, గాజు పువ్వున్న చిన్న రాయి ఒకటి వేసి, ఒక రొయ్యని వదిలి బల్ల మీద పెట్టింది. పక్కనే ఇంకో సీసాలో రాయి మీద ఒక గుండీ పువ్వు, ఇంకో రొయ్య. భావనారాయణగారి కుర్చీ ఆ బల్ల దగ్గరికి జరిపింది.

“ఏమండీ, మీరే చూడాలి. నాకు రంగుల పనుంది” అంది.

ఆయన చూశాడు. ఆ పూటంతా చూశాడు. రొయ్యలు సీసా అడుగున నక్కి కూర్చున్నాయి తప్ప కదల్లేదు. మర్నాడూ అంతే. ఆవిడ ముఖం వాడిపోయింది. “ఇవీ కావేమోనే” అంది నాతో.

ఆ రోజు మధ్యాహ్నం ఆకాశం మబ్బేసింది. కరెంటు పోయింది. గది చీకటయింది. నా కంప్యూటర్లు ఆగిపోయి నేను గుమ్మంలో నిలబడ్డాను. ఎదురింట్లోంచి కేక వినపడింది. మనిషి గొంతే, కానీ నేనెప్పుడూ వినని గొంతు.

“తిం... తింటంది! తింటంది!”

నేను రోడ్డు దాటేసరికి వెంకటేశ్వరమ్మగారు మోచేతుల దాకా నీలిరంగుతో పెరట్లోంచి వచ్చి ఆయన పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. సీసాలో రొయ్య గాజు పువ్వు మీదెక్కి, సన్నటి చేతులతో మీసాలు ఒక్కొక్కటీ తుంచి నోట్లో పెట్టుకుంటోంది. పువ్వు ముడుచుకున్నా వదల్లేదు, సందులోకి చెయ్యి పెట్టి లాగుతోంది. పక్క సీసాలో గుండీ పువ్వు జోలికి ఇంకో రొయ్య పోలేదు. ఆవిడ రొయ్యని చూసింది కాసేపే. తరువాత ఆయన వైపే చూస్తూ ఉండిపోయింది. ఏడేళ్లలో ఆయన అంత స్పష్టంగా అన్న మాట అదే.

కరెంటు వచ్చింది. లైటు వెలగగానే రొయ్య గబుక్కున రాయి వెనక్కి వెళ్లిపోయింది. భావనారాయణగారు ఎడమ చేత్తో లైటు వైపు చూపించి, అరచెయ్యి బోర్లించి, కళ్లు మూసి చూపించాడు. ఆవిడకి అర్థమయింది. వీటికి వెలుతురు పడదు.

ఆ తరువాత పద్ధతి ఆయనదీ, పని ఆవిడదీ. ముందు తొట్టిలో నీళ్లు కొంచెం కొంచెంగా మార్చి సున్నం ఆనవాలు లేకుండా చేసింది. పెద్ద పెద్ద గాజు పూలని రొయ్యలు ముట్టుకోవట్లేదని ఆయన సీసాల్లో చూసి చెప్పాడు, వేళ్లతో చిన్నది పెద్దది అని చూపిస్తూ. అందుకని అవి ఉన్న రాళ్లు బయటికి తీసి, విడిగా టబ్బులో పెట్టి సున్నం వేసి, కడిగి మళ్లీ పెట్టింది. అప్పుడు రొయ్యల్ని వదిలింది. నల్లటి లుంగీ గుడ్డ ఒకటి తొట్టి మీద మధ్యాహ్నం పూట కప్పేది, పక్కన చిన్న సందు వదిలేది. ఆయన ఆ సందులోంచి చూసేవాడు.

వారం గడిచింది, పెద్ద మార్పు లేదు. ఆవిడ చెయ్యి సిరంజి మీదికి పోవడం నేను చూశాను. తీసింది, మళ్లీ గూట్లో పెట్టేసింది.

ఆయనే కనిపెట్టాడు కారణం. ఆవిడ చేపకి మేత వెయ్యగానే రాళ్ల వెనక నుంచి రొయ్యలూ వచ్చి ఆ మేతే తినిపోతున్నాయి. కడుపు నిండినవాటికి పువ్వెందుకు? మేత డబ్బా ఆవిడ చేతిలోంచి ఆయన లాగేసుకున్నాడు. “వ...ద్దు” అన్నాడు. అప్పటి నుంచి చేపకి సరిపడా ఒక చిటికెడు, అది తినేదాకా ఆగి చూసి, అంతే. మేత డబ్బా ఆయన ఒళ్లోనే ఉండేది. ఆవిడ అడిగి తీసుకునేది.

ఒకనాడు పొద్దున ఆయన కళ్లలో నీళ్లు. వేలితో చూపిస్తున్నాడు. తొట్టి అడుగున చారల రొయ్య వెల్లకిలా పడుంది, కదలకుండా. వెంకటేశ్వరమ్మగారు గరిటెతో తీసి చూస్తే లోపల ఏమీ లేదు, ఉత్త డొల్ల. పాము కుబుసం విడిచినట్టు రొయ్య ఒంటి పెంకు విడిచింది. అసలు రొయ్య రాయి చాటున కొత్త చారలతో కూర్చునుంది. అది చూపించాక ఆయనకి నవ్వు ఆగక దగ్గొచ్చేసింది. ఆ డొల్లని ఆవిడ పారెయ్యలేదు, ఆరబెట్టి కిటికీలో పెట్టింది.

మామిడికాయలు వచ్చే రోజులకి గాలి పైపు శుభ్రమయింది. తరువాత అద్దం మూలలు. రాళ్ల సందులు ఆఖరున. ఎప్పుడు పోయాయో చెప్పలేం, ఒక్కో రోజు ఒక్కోచోట అవి లేవని గమనించేవాళ్లం. ఒక పొద్దున నేను పాలకి వెళ్తుంటే వెంకటేశ్వరమ్మగారు గుమ్మంలోంచి పిలిచింది. రాలిపోగా మిగిలిన గుండీ పూలలో ఒకటి విచ్చుకుంది. పక్కన ఇంకొకటి సగం తెరిచింది. భావనారాయణగారు కాఫీ గ్లాసు ఎత్తి నాకు చూపించి, తాగాడు.

ఈ సంగతి గుంటూరు చేరింది ఆసుపత్రి ద్వారానే. ఆయన్ని వ్యాయామానికి తీసుకెళ్లినప్పుడు అక్కడి తొట్టిలోనూ గాజు పూలు లేచి ఉండటం చూసి, ఆవిడ డాక్టరుగారితో చెప్పింది. ఆయన శ్రద్ధగా విని, “ఎలా చెయ్యాలో మీరే దగ్గరుండి చూపించండమ్మా, మేం చేస్తాం” అన్నాడు. తరువాతి వారం ఆవిడ నాలుగు రొయ్యలు తీసుకెళ్లి వదిలింది, పనయ్యాక తిరిగిచ్చెయ్యాలన్న షరతు మీద. మూణ్ణెల్లకి అవి తిరిగొచ్చాయి. ఆ తరువాత ఒంగోలు నుంచి గ్రానైటు వ్యాపారి ఒకాయన వచ్చాడు. మంగళగిరిలో కొత్తగా ఆఫీసు పెట్టిన కంప్యూటర్ కుర్రాళ్లు వచ్చారు. రొయ్యలు బస్సుల్లో, రైళ్లల్లో తిరిగాయి. రొయ్యలమ్మ అన్న పేరు అలా వచ్చింది. ఆవిడ ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు. మా మగ్గాల మీద చీర నచ్చితే కొనండి, లేకపోతే లేదు అనేది.

వచ్చినవాళ్లని ముందు ఆయన కుర్చీ దగ్గర కూర్చోబెట్టేది. “మీ బాబాయిగారు చెప్తారు” అనేది. ఆయన చెప్పేవాడు. మొదట్లో వేళ్లతో, తరువాత ముక్కలు ముక్కలుగా. “మేత... తగ్గించు. గుడ్డ... కప్పు. ఓపిక.” ప్రతి కొత్త మనిషికీ అవే మాటలు చెప్పీ చెప్పీ ఆయన నాలుక దారిలో పడింది. రెండేళ్లకి వాక్యాలు వచ్చాయి, తడబడుతూనే. మాటలు నేర్పే టీచరమ్మ దగ్గర కూర్చోబెట్టినా రానివి ఇలా వచ్చాయని డాక్టరుగారే ఆశ్చర్యపోయాడు. మందులా పనిచేసిందని నేను చెప్పలేను గానీ, నా కళ్లారా చూసింది చెప్తున్నాను. 2008 వేసవిలో మంగళగిరి కుర్రాడొకడు “మొత్తం రాళ్లన్నీ యాసిడ్‌తో కడిగేస్తే పోదా అంకుల్?” అని అడిగితే ఆయన ఎడమ చెయ్యి గాల్లో ఊపి “కడిగితే రాళ్లే మిగులుతాయి నాయనా!” అన్నాడు, ఎక్కడా ఆగకుండా. లోపల చీరలు మడతపెడుతున్న వెంకటేశ్వరమ్మగారు మడత మధ్యలో ఆగిపోయింది.

ఆ ఏడే ఒక పేచీ కూడా వచ్చింది వాళ్లిద్దరికీ. ఎలా మిగిలిపోయిందో, తొట్టిలో గాజు పువ్వు ఒకటి రాయి వెనక కనపడింది. ఆవిడ సిరంజి తీసింది. ఆయన వద్దన్నాడు.

“వద్దంటారేంటండీ? ఒక్కటి వదిలితే ఏమయిందో మర్చిపోయారా?”

“తొట్టిలో... వద్దు. సీసాలో పెట్టు.”

“ఎందుకు?”

“కొత్త రొయ్యలొస్తే... పరీక్షకి కావాలిగా.” సిగ్గుపడుతున్నట్టు తల దించుకుని అన్నాడు: “అందంగానే ఉంటది... గదే, వయ్యారిభామ.”

ఆవిడ ఆయన్నీ సిరంజినీ మార్చి మార్చి చూసింది. తరువాత వంటింట్లోకి వెళ్లి హార్లిక్స్ సీసా కడుక్కొచ్చింది. రాయి ముక్కతో సహా దాన్ని అందులోకి మార్చి, మూత సగం బిగించి, కిటికీ పక్కన వెలుతురు తగిలేలా పెట్టింది. ఆయన కుర్చీ కొంచెం అటు తిప్పమని చెయ్యి ఊపాడు. తిప్పింది. తిప్పి, రంగు కాగులో నూలు నానుతోందని గొణుక్కుంటూ పెరట్లోకి వెళ్లిపోయింది.